పాటలోని బరంపురం పిన్ని

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధం కాదు. పాలవాడు రోజూకన్నా ముందొస్తే ఎందుకొచ్చాడా అని ఆలోచిస్తాను. ఎవరైనా ఊరికే నవ్వితే ఇంటికొచ్చి ఆ నవ్వును తిరగేసి మరగేసి చూసుకుంటాను. మనవరాలు ఫోను బోర్లా పెట్టిందంటే ఆ పూట నాకు కూర సరిగ్గా కుదరదు. "నానీ, తుమ్‌కో తో పులీస్ మే హోనా చాహియే థా" అంటుంది అది, నేను పోలీసుల్లో ఉండాల్సిందట. నేను తెలుగులో అడుగుతాను, అది హిందీలో జవాబిస్తుంది. ఈ ఉక్కు ఫ్యాక్టరీల ఊళ్ళో మా తెలుగిళ్ళన్నీ ఇప్పుడు ఇంతే.

మొన్న బిష్టుపూర్‌లో బ్యాంకు పని చూసుకుని ఆటో ఎక్కాను. కొంచెం దూరం పోగానే ఆగిపోయింది. ముందు ఆడకూలీల ఊరేగింపు. కంట్రాక్టు పనుల్లో ఇటుకలూ ఇసుకా మోసే ఆడవాళ్ళని ఇక్కడ రేజాలంటారు. తలకి గుడ్డలు చుట్టుకుని, చప్పట్లు కొడుతూ, రోడ్డంతా నిండిపోయి పాడుకుంటూ పోతున్నారు. పాట సగం హిందీ, కొంత ఒడియా, నడుమ నడుమ సంతాలీ. పల్లవి మాత్రం చక్కగా తెలుగు, ఆడపిల్లని గుంట అనే మా వైపు తెలుగు.

"ఎవరమ్మా ఎవరమ్మా ఈ గుంటెవరమ్మా
ఎరిగున్నవారుంటే చెప్పరమ్మా"

అదేం పాటని ఆటో అబ్బాయిని అడిగాను, వాడికేం తెలుసో చూద్దామని. "పురానా లోక్‌గీత్ హై ఆంటీ. సౌ సాల్ పురానా హోగా" అన్నాడు. పాత జానపదమట, వందేళ్ళట! ఆ పాట ఏ వారంలో పుట్టిందో నాకు తెలుసు. ఎవరు కట్టారో, ఏ గదిలో కూర్చుని కట్టారో, అప్పుడు ఆ పొయ్యి మీద ఏం ఉడుకుతోందో కూడా తెలుసు. నేనింకా అంత పండుముసలిని కాలేదు.

మూడో చరణం మొదలవగానే ఆటో దిగేశాను. పక్క సందులోకి నడిచి, ఒక చీరల కొట్టు ముందు నిలబడి, కొననివన్నీ చూస్తూ పాట దూరమయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఆ చరణం నేను వినలేను. ఎందుకో చెప్పాలంటే బాగ్‌బేరాలో మా రైల్వే క్వార్టరు వెనక రేకుల గది దగ్గర మొదలుపెట్టాలి. పేర్లు మాత్రం చెప్పను. వాళ్ళ పిల్లలూ మనవలూ ఇక్కడే ఉన్నారు, రేషన్ కొట్టు దగ్గర ఎదురుపడుతుంటారు.

మా నాన్న యార్డులో వ్యాగన్లు బాగుచేసేవాడు. ఇంటికొస్తే ఆయన కంటే ముందు గ్రీజూ కిరసనాయిలూ కలిసిన వాసన వచ్చేది. క్వార్టరు రెండు గదులు. వెనకాల పెరట్లో నాన్నే రేకులు కప్పి ఒక గది వేశాడు. క్వార్టర్లో బయటివాళ్ళని అద్దెకి పెట్టుకోవడం నిషేధం. పెట్టుకోని ఇల్లు మా లైనులో ఒక్కటీ లేదు. అందుకే అందరిళ్ళలోనూ ఎక్కడెక్కడి చుట్టాలో ఉండేవాళ్ళు. మా ఇంటికి ఆవిడ రేకు పెట్టె ఒకటి, చాప ఒకటి పట్టుకుని వచ్చిన రోజున నాన్న మమ్మల్ని వరసగా నిలబెట్టాడు.

"ఎవరడిగినా నా చెల్లెలని చెప్పాలి. మీకు అత్త. తెల్సిందేటి?"

తెలిసిందన్నాం. అలా ఆవిడ మాకు అత్తయింది. నల్లగా, సన్నగా, పొడుగ్గా ఉండేది. నడినెత్తిన జుట్టు అరిగిపోయి ఉండేది, ఇటుకలు మోసి మోసి. సోంపేట దగ్గర ఊరు. మొగుడున్నాడో లేడో ఎవరికీ చెప్పలేదు. గమ్హరియాలో కొత్తగా కడుతున్న ఫ్యాక్టరీ షెడ్డుల్లో రేజా పని. పొద్దున్నే టిఫిను డబ్బాలో చోడి అంబలి, అంటే రాగంబలి, పోసుకుని వెళ్ళేది, సాయంత్రం ఒళ్ళంతా సిమెంటు బూడిదతో వచ్చేది. వచ్చాక మా బొగ్గుల కుంపటి మీదే ఎండు నెత్తళ్ళు వేయించుకునేది. ఆ వాసనకి మేం చదువులు వదిలేసి పెరట్లో తచ్చాడేవాళ్ళం. అత్త కంచంలో ఎప్పుడూ ఆవిడ తినేవాటి కంటే మాకు పెట్టేవే ఎక్కువ. మా మామ్మకు అదీ అనుమానమే.

"ఊరికే ఎవలైనా పెడతారేటి? ఏటో కలిపి పెడతంది" అనేది.

మామ్మ అనుమానాలకు అంతులేదు. అత్త నడుముకి చిన్న గుడ్డసంచి ఉండేది, నిద్రలో కూడా విప్పేది కాదు. దాన్ని చూసినప్పటినుంచి మామ్మకు కూడు సయించలేదు. "అది చిల్లంగిదే, చేతబడి చేస్తాది. చూడు, సంచీ ముట్టుకుని పెదాలు కదుపుతంది" అని అమ్మ చెవిలో ఊదేది. అమ్మ నమ్మనట్టు తల తిప్పేది గానీ, ఆ రోజునుంచి మా తమ్ముడి బుగ్గన చుక్క పెట్టడం మానలేదు. సంచీలో ఏముందో కనిపెట్టమని నన్ను పురమాయించారు. నాకు పదేళ్ళుంటాయేమో. ఇంత మంచి పని నాకెవరూ అంతకు ముందు చెప్పలేదు.

ఒక ఆదివారం అత్త స్నానానికి వెళ్తూ సంచీ చాప కింద పెట్టింది. నేను దూరి విప్పాను. ఇటుక పెంకు. తుప్పు పట్టిన మేకు. పచ్చ గాజుముక్క. చింతపిక్క. రైలు పట్టాల దగ్గర దొరికే నల్లరాయి. మామ్మ చెప్పింది నిజమే అనుకుని లేచేసరికి గుమ్మంలో అత్త.

"ఏటే గుంటా, ఏటెతుకుతన్నావు?"

అత్త కూర్చుని అవన్నీ చాప మీద పరిచింది. "నాకు సదువు రాదు కదే. మీకు పుస్తకాలున్నట్టు నాకివి. ఒక్కోటి ఒక్కో పాట" అంది. మేకు చేతికిచ్చి, "ముట్టుకో. ఇది చెప్పుల్లేని కాలి పాట" అని పాడింది. అదే మొదటిసారి అత్త పాట వినడం. పెద్ద గొంతు కాదు. కొంచెం గరుకు. కానీ ఎదురుగా కూర్చున్న మనిషిని పేరు పెట్టి పిలిచి అడుగుతున్నట్టుండేది. గాజుముక్క పాట పాడేటప్పటికి మామ్మ కూడా గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది. పాట అయ్యాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "కళ్ళలో పొగెల్లిందే" అంది. కుంపటి ఇంకా అంటించనే లేదు.

సంచీలో వస్తువులు అలా పెరుగుతూ వచ్చాయి. కుళాయి దగ్గర గొడవైతే ఒకటి, సైటులో ఆడవాళ్ళకి చాటు లేదని ఒకటి. పెళ్ళిపాటల బాణీలు తీసుకుని వాటిలో ఈ మాటలు పెట్టేది. తెలిసిన బాణీ అయితే విన్నవాళ్ళు వెంటనే అందుకుంటారని ఆవిడ లెక్క. అందుకోకపోతే పాట చచ్చినట్టే అనేది.

మా లైనులో అప్పటిదాకా పెళ్ళిపాటలకు పెద్ద బరంపురం పిన్ని. ఒడిశా సరిహద్దు మనిషి. గుండ్రంగా, ఎర్రగా, నోటినిండా పాన్‌తో ఉండేది. ఆవాలు నూరిపెట్టి ఆవిడ వండే చేపలపులుసు వాసన మూడిళ్ళు దాటేది. కోపమొస్తే "మాలో!" అని ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో ముగించేది. ఆవిడ లేకుండా మా వైపు హారతి పాట కూడా లేచేది కాదు. అత్త వచ్చాక పెళ్ళిళ్ళలో నలుగురూ అటు తిరిగారు. అత్త పాడుతుంటే పిన్ని పాన్ నమలడం ఎక్కువయ్యేది. మేం పిల్లలం చూసి నవ్వుకునేవాళ్ళం.

ఆ చలికాలంలోనే సైటులో ఒక పిల్ల పడిపోయింది. అత్త ఊరి వైపు పిల్ల, పద్దెనిమిదేళ్ళుంటాయి. అత్త మాటమీదే పనికొచ్చింది. కట్టడం చుట్టూ వెదుళ్ళతో కడతారే, మచాను, దానిమీదికి తడి సిమెంటు తట్ట మోస్తూ జారింది. కాలు రెండుచోట్ల విరిగి ఎముక బయటికొచ్చింది. కంట్రాక్టరు మనుషులు ఒక చిన్న మందుల షాపు డాక్టరు దగ్గర పడేసి పోయారు. కంట్రాక్టరు మన తెలుగువాడే, శ్రీకాకుళం వైపు నుంచి మనుషుల్ని తెచ్చి పనిలో పెట్టేవాడు, కూలీలు మేస్త్రీ అని పిలిచేవారు. ఇల్లు మా బాగ్‌బేరాకు దగ్గర్లోనే. "ఆ పిల్ల నా దగ్గర పని చెయ్యలేదు. ఎవరినో చూడ్డానికొచ్చి పడింది" అన్నాడు.

ఆయన తన కూలీ అని ఒక్క చీటీ రాసిస్తే కార్మికుల ఆసుపత్రిలో చేర్చుకుంటారు. రాయకపోతే ఆ మందుల షాపు బల్లమీదే ఉండాలి. డాక్టరు అత్తతో చెప్పాడట, ఒక వారంలో మంచి ఆసుపత్రికి చేరకపోతే కాలు దక్కదని. సైటులో ఎవరూ నోరు తెరవలేదు. చూశామని చెప్తే మర్నాడు పని ఉండదు. అత్త చెప్పింది, కానీ ఒక్కదాని మాట ఎవరు వింటారు?

ఆ వారాంతంలోనే కంట్రాక్టరు పెద్దకూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు మా లైను కుర్రాడు. అంటే మేమంతా మగపెళ్ళివారం.

మా వైపు పెళ్ళిళ్ళలో ఒక ఆచారముంది. బంతిలో వియ్యాలవారు భోజనానికి కూర్చున్నాక అటు ఆడవాళ్ళు ఇటు, ఇటు ఆడవాళ్ళు అటు వాళ్ళని ఎగతాళి చేస్తూ పాడతారు. వియ్యపురాలి నడక, వియ్యంకుడి పిసినారితనం, ఏదైనా సరే. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు, బంతిమీద నుంచి లేవకూడదు. పాటలో అడిగినదానికి పాటలోనే జవాబివ్వాలి. ఇవ్వలేకపోతే ఒప్పుకున్నట్టు. అత్త దాన్ని పట్టుకుంది.

"ఆయన బంతిలో కూకుంటాడు. మనం అడుగుదాం. ఊరందరి ముందూ అడుగుదాం. పెళ్ళిపాటకి కోపమొత్తే మరియాద పోద్ది. ఎవల దగ్గర పనిసేసిందో అందరూ కలిసి అడిగితే ఏటి సెప్తాడో సూద్దాం" అంది.

మా రేకుల గదిలో బరంపురం పిన్నితో కలిపి ఎనిమిదిమంది ఆడవాళ్ళు కూర్చున్నారు. కుంపటి మీద ఉలవలు ఉడుకుతున్నాయి. అత్త సంచీలోకి కొత్తగా మచాను తాడు పోగొకటి చేరింది. పాట పొడుగ్గా వచ్చింది. ఒక్కసారి వింటే గుర్తుండేది కాదు, పెళ్ళికి నాలుగు రోజులే ఉంది. అప్పుడు నన్ను పిలిచింది రాసిపెట్టమని.

నేను చదివేది హిందీ బడి. తెలుగు మాట్లాడడమే గానీ అక్షరం రాదు. కాబట్టి తెలుగు పాటను హిందీ అక్షరాల్లో రాశాను. ఆ ఎనిమిదిమందిలో నలుగురికి ఆ అక్షరాలే వచ్చు. నాలుగు కాగితాలు రాశాను. ఐదోది నాకోసం నా హిందీ నోటుపుస్తకం చివర రాసుకున్నాను, ఎవరికీ చెప్పకుండా.

"ఇటిక మోసిన నెత్తి ఎరగవా మేస్త్రీ
ఇసుక మోసిన నడుము ఎరగవా మేస్త్రీ
మచానెక్కిన కాలు ఎవరిదో మేస్త్రీ"

అంత గొప్ప పని నా చేతిమీద జరిగిందని నాకు నిద్ర పట్టలేదు. ఆ గర్వమే కొంప ముంచింది.

కంట్రాక్టరు రెండోకూతురు నా క్లాసులోనే చదివేది. వాసన రబ్బరు, రంగుల పెన్సిళ్ళు అన్నీ దాని దగ్గరే. పెళ్ళి మాట వచ్చి అది మూతి తిప్పింది. "మీ వాళ్ళకి పాటలేం వస్తాయి? ఇటుకలు మోసుకునే పాటలే కదా. మా నాయనమ్మ ఒక్కటి పాడితే మీరంతా నోరు మూసుకోవాలి." ఇదంతా హిందీలోనే. నాకు ఒళ్ళు మండింది. నోటుపుస్తకం చివరి కాగితం చింపి దాని ముఖాన కొట్టాను. "చదువుకో. దీనికి జవాబు తయారు చేసుకుని రండి" అన్నాను. ఆట సమానంగా ఉండాలి కదా అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అది వాసన రబ్బరు సగం విరిచి ఇచ్చింది. అదీ తీసుకున్నాను, దాచేదేముంది.

ఆ పాట తెలుగు అక్షరాల్లో ఉంటే ఆ పిల్ల చదవలేకపోయేది. హిందీలో ఉంది కాబట్టి ఇంటికెళ్ళి గడగడా చదివేసింది. అందులో ఎవరిని అంటున్నారో దానికి తెలియకపోయినా విన్న నాయనమ్మకు తెలుస్తుంది, పక్క గదిలో ఉన్న తండ్రికి ఇంకా బాగా తెలుస్తుంది.

పెళ్ళిరోజు మేం లారీ నిండా వెళ్ళాం. మధ్యాహ్నం బంతి వేశారు. గుమ్మడికాయ పులుసు, అరిసెలు, నేతి బూరెలు. కంట్రాక్టరు మధ్యలో కూర్చున్నాడు. అత్త గొంతు సవరించుకుంది. పల్లవి మొదటి మాట నోట్లోంచి వచ్చిందో లేదో, పందిరి నాలుగు మూలలా నాలుగు లౌడ్‌స్పీకర్లు ఒక్కసారిగా మోగాయి. సినిమా పాట. పక్కనున్న మనిషి మాట కూడా వినపడనంత. మా ఆడవాళ్ళు నోళ్ళు తెరిచి మూశారు. ఎవరో వెళ్ళి ఆపమంటే, "పెళ్ళి కదా, పాటలుండొద్దా?" అన్నాడట స్పీకర్లవాడు. బంతి అయ్యేదాకా ఆపలేదు. కంట్రాక్టరు రెండోసారి బూరెలు వేయించుకుని తిన్నాడు. లేస్తూ లేస్తూ ఆయన తల్లి మా వైపు చూసి నవ్వింది. "మచానెక్కిన కాలంటారట కదమ్మా, పాడండి మరి, వింటాం."

అత్త ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. కంట్రాక్టరు వైపు కాదు, మా వాళ్ళవైపు చూసింది. ఒక్కొక్కరి ముఖం మీదా కాసేపు ఆగింది.

మర్నాడు పొద్దున్నే, పనికెళ్ళకముందే, రేకుల గదిలో పంచాయతీ. ఉలవలు లేవు, టీ లేదు. నలుగురూ నాలుగు కాగితాలు తెచ్చి చాపమీద పెట్టారు. అన్నీ ఉన్నాయి. "కాగితం పోనేదు. మరి పాటెలా పోయింది?" అంది అత్త. అత్త నన్ను దగ్గరికి పిలిచింది.

"గుంటా, నువ్వింకో కాగితం రాసినావేటి? ఎవలికైనా ఇచ్చినావేటి?"

గదిలోకి చూశాను. ఎనిమిదిమందిలో ఒకరు లేరు. ఆ లేని మనిషి పేరే నోటికి వచ్చింది.

"బరంపురం పిన్ని అడిగింది. ఇంకోటి రాసిచ్చాను. పట్టుకెళ్ళింది."

గదిలో అందరూ ఒకేసారి ఊపిరి వదిలారు. ఇదే కావాలన్నట్టు. "నేననుకుంటానే ఉన్నాను", "దానికి మొదటినుంచీ కుళ్ళే", "పెళ్ళికూతురి తల్లితో గుసగుసలాడుతుంటే నేను చూశాను" అని తలా ఒకటి. మా అమ్మ ఒక్కర్తే నా వైపు అనుమానంగా చూసింది. పిన్నికి హిందీ అక్షరాలు రావు, ఒడియా తప్ప చదవలేదని గదిలో అందరికీ తెలుసు. ఒక్కరికీ గుర్తు రాలేదు. ఆ పొద్దున పిన్ని ఎందుకు రాలేదో కూడా ఎవరూ అడగలేదు. రోజూ పొద్దున్నే గంజి కాచి ఆ మందుల షాపుకు తీసుకెళ్ళి, పడిపోయిన పిల్లకు చెంచాతో తాగించి వచ్చేదట. అది చాలా రోజుల తర్వాత తెలిసింది.

అత్త ఆ సాయంత్రానికే మూడో చరణం కట్టింది.

"మూట మోసిన నెత్తి మోసపోయిందమ్మా
పాట మోసుకుపోయె బరంపురపమ్మ
పెళ్ళివారింటిలో పెద్దపీటమ్మా"

కుళాయి దగ్గర పాడితే బిందెలు పట్టుకున్న ఆడవాళ్ళంతా అందుకున్నారు. పిన్ని కూడా బిందెతో అక్కడే ఉంది. మొదట అర్థం కాక నవ్వింది. తర్వాత ఖాళీ బిందె చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. నేను గోడపక్క నుంచి చూశాను. అప్పుడు పరిగెత్తుకెళ్ళి చెప్పేసి ఉంటే మహా అయితే నాలుగు దెబ్బలు పడేవి. చెప్పలేదు.

పెళ్ళిలో నోరు మూయించిన కంట్రాక్టరు సైటు సంగతి ఆలోచించలేదు. సోమవారంనుంచి అత్త తట్ట ఎత్తుతూ దింపుతూ అదే పాట పాడింది. సైటులో సంతాలీ ఆడవాళ్ళు, ఒడియావాళ్ళు, బెంగాలీలు, ఛత్తీస్‌గఢ్‌వాళ్ళు. పల్లవి వినడానికి బాగుందని వాళ్ళూ అందుకున్నారట. అర్థమేమిటని అడిగి, తెలిశాక ఇంకా గట్టిగా అందుకున్నారట. ఒక్కరిని పనిలోంచి తీసెయ్యొచ్చు గానీ సైటంతా పాడుతుంటే ఎంతమందిని తీస్తాడు? ఫ్యాక్టరీవాళ్ళ పెద్ద ఇంజనీరు కారు దిగి, "యే క్యా గా రహీ హై సబ్?" అని, వీళ్ళంతా ఏం పాడుతున్నారని అడిగాడట. గురువారం సాయంత్రం చీటీ వచ్చింది.

శుక్రవారం ఆ పిల్ల కాలు మోకాలి కింద తీసేశారు. మూడు రోజులు ముందు తెస్తే చూసేవాళ్ళమని ఆసుపత్రిలో చెప్పారు. ఆ మాట అమ్మ నాన్నతో చెబుతుంటే విన్నాను. ఆదివారం పెళ్ళి. ఆదివారంనుంచి గురువారం దాకా వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను. ఆ తర్వాత ఎన్నోసార్లు లెక్కపెట్టుకున్నాను. లౌడ్‌స్పీకర్లు లేకపోయినా ఆయన పెళ్ళిలో ఒప్పుకునేవాడా? ఏమో. నవ్వేసి లేచిపోయేవాడేమో. నా అనుమానాలన్నింటిలోకీ నేను గట్టిగా పట్టుకున్నది ఈ ఒక్కటే. ఇది లేకపోతే నేను తినలేను, పడుకోలేను.

కంట్రాక్టరు ఊరుకోలేదు. రైల్వే ఇన్‌స్పెక్టరొకడు సైకిలేసుకుని మా ఇంటికొచ్చాడు, బయటిమనిషిని అద్దెకి పెట్టారట కదా అని. నాన్న డ్యూటీలో ఉన్నాడు. అమ్మ తడబడింది. మామ్మ లేచి వెళ్ళింది, చిల్లంగి అన్న మామ్మే. "నా కడుపున పుట్టిన పిల్ల. నా కూతురు నా ఇంట్లో ఉండకూడదని ఏ రూల్లో ఉంది, సెప్పు బావూ" అని నిలదీసింది. వాడికి తెలుగు రాదు. ఆ గొంతు విని వెళ్ళిపోయాడు. అయినా మా నాన్న ఉద్యోగానికి ఇబ్బందని అత్త ఆ నెలాఖరుకే గది ఖాళీ చేసి గమ్హరియా దగ్గర బస్తీకి పోయింది.

తర్వాత అత్త పాటలు ఊరంతా తిరిగాయి. ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పాడింది, జులూసుల్లో, అదే కూలీల ఊరేగింపుల్లో పాడింది, రెండుసార్లు లాకప్‌లో కూర్చుంది. నాయకులు జనం పోగయ్యేదాకా మైకిచ్చి, తాము రాగానే ఆవిణ్ణి దింపేసేవారని అత్త తిట్టిపోసేది. ఎవరో కాలేజీ సార్లు టేపు పట్టుకొచ్చారు. "నా పాట పట్టుకెళ్ళి ఏటి సేసుకుంటారు? నాతో కూడా వచ్చి తట్ట మొయ్యండి, అప్పుడు సెప్తాను" అందట. ఆవిడ పేరు ఎక్కడా రాయలేదు. కాలు పోయిన పిల్ల ఆవిడతోనే ఉండి, బస్తీలో కుట్టుమిషను పెట్టుకుని, జులూసుల్లో కర్ర మీద నడుస్తూ పాడేది.

నాకు పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒకరోజు వెళ్ళి అత్తకు చెప్పేశాను. చెవులు మందగించాయి, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. తప్పు ఒకసారి ఒప్పుకోవడమే కష్టం, నేను అరిచి రెండుసార్లు ఒప్పుకున్నాను. అత్త సంచీ ఒళ్ళోకి తీసుకుని నలిపింది.

"నీ మొకం సూత్తే నాకప్పుడే అనుమానమొచ్చిందే గుంటా. కానీ నీ మాట నమ్మితే నాకు బాగుండింది. ఆవిడ నాకు పోటీ కదా" అంది. తర్వాత, "సరణం తీసేద్దామని సూసినాను. నాను ఆపేత్తే ఆగుతాదేటి? జనం నోట్లో పడిపోయింది" అంది. అప్పటికే పిన్ని పోయి రెండేళ్ళు. అత్తా ఇప్పుడు లేదు.

ఇంతవరకూ అత్తకు చెప్పాను. ఇంకోటి ఉంది, అది ఆవిడకూ చెప్పలేదు, మా ఆయనకూ చెప్పలేదు.

నా పెళ్ళికి మా అమ్మ బరంపురం పిన్నిని పిలిచింది. ఎందుకు పిలిచిందో నాకిప్పుడు అర్థమవుతోంది. అప్పటికి పిన్నిని పెళ్ళిళ్ళకి పిలవడం మానేసి ఏళ్ళయింది. వచ్చి వెనక వరసలో కూర్చుంది. ఎర్రని మనిషి వాడిపోయింది, పాన్ కూడా మానేసినట్టుంది. బంతి దగ్గర మగపెళ్ళివారు నన్ను పట్టుకున్నారు. నల్ల పిల్లనీ, పొట్టి పిల్లనీ, నోరెక్కువ పిల్లనీ ఒకదాని తర్వాత ఒకటి పాడేస్తున్నారు. మా వైపువాళ్ళకి జవాబు తోచలేదు. అవతలివాళ్ళు చప్పట్లు కొట్టి ఓడిపోయారంటున్నారు. అప్పుడు వెనకనుంచి పిన్ని లేచింది. ఆ పాత గొంతుతోనే, నన్ను పొగుడుతూ, అవతలివాళ్ళని కడుపుబ్బ ఎగతాళి చేస్తూ అప్పటికప్పుడు ఒక చరణం కట్టి పాడింది. పాడి, మేం అందుకోవాలని పల్లవి దగ్గర ఆగింది.

మా వైపు ఒక్కరూ అందుకోలేదు. తలలు దించుకున్నారు. పిన్ని ఇంకోసారి పల్లవి ఎత్తి ఆగింది. ఈసారి నావైపు చూసింది. పెళ్ళికూతురిని, నేనొక్కదాన్ని అందుకున్నా పందిరంతా అందుకునేది. పల్లవి నాకు వచ్చు. నోటిదాకా వచ్చింది. ఈవిడకి ఎందుకు వంతపాడావని తర్వాత ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి అనుకున్నాను. విస్తరిలో అన్నం కలుపుతూ కూర్చున్నాను. పిన్ని కొంగు సర్దుకుని, తినకుండానే వెళ్ళిపోయింది.